పిండికోడి, పదహారో వంతు ట్యాంకు

ప్రాణం లేని వస్తువు మీద చేసిన హింస కూడా హింసే అవుతుందా అన్న ప్రశ్న భారతీయ మతచింతనలో చాలా పాతది. దాని పక్కనే మరో ప్రశ్న ఉంది: చంపడం కోసమే పుట్టిన యంత్రానికి, ఎవరినీ చంపలేని ప్రతిరూపాన్ని ఏళ్ల తరబడి శ్రద్ధతో తయారుచేసే మనిషికి ఆ చంపడంతో ఏ సంబంధం ఏర్పడుతుంది? రేడియో తరంగాలతో దూరం నుంచి నడిపే ట్యాంకు నమూనాలను కట్టి, విప్పి, మార్చి, మళ్లీ కట్టే వ్యాసంగం ఈ రెండో ప్రశ్నను తప్పించుకోవడానికి వీల్లేనంత సూటిగా ముందుకు తెస్తుంది. ఎందుకంటే బొమ్మ తుపాకీతో ఆడుకునే పసివాడి దగ్గర లేని రెండు గుణాలు, చేస్తున్నదేమిటో పూర్తిగా తెలిసి ఉండడమూ దాని మీద దీర్ఘకాలం దీక్ష పట్టడమూ, ఈ వ్యాసంగంలో ఉన్నాయి. తెలియక చేశారన్న మినహాయింపు ఇక్కడ చెల్లదు.

ముందుగా వస్తువును దగ్గరగా చూడాలి. ఈ నమూనాల్లో బాగా స్థిరపడిన కొలత పదహారో వంతు, అంటే అసలు వాహనం మీద 16 సెంటీమీటర్లున్న భాగం నమూనా మీద 1 సెంటీమీటరు అవుతుంది. జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన టమియా, చైనాకు చెందిన హెంగ్ లాంగ్ వంటి సంస్థలు ఈ కొలతలో ట్యాంకులు తయారుచేసి అమ్ముతాయి. వాటిలో ఎక్కువ ఆదరణ పొందిన వాటిలో ఒకటి రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ టైగర్. 1942లో యుద్ధరంగంలో దిగిన ఈ ట్యాంకు బరువు 57 టన్నులు, ఫిరంగి గొట్టంతో కలిపి పొడవు 8.45 మీటర్లు, లోపల పనిచేసే సిబ్బంది ఐదుగురు. మొత్తం తయారైనవి సుమారు 1,350. పదహారో వంతుకు తగ్గించినప్పుడు దాని పొడవు 53 సెంటీమీటర్లకు దిగి, బల్ల మీద నిలబెట్టుకోదగినంత అవుతుంది. 88 మిల్లీమీటర్ల ఫిరంగి నోరు 5.5 మిల్లీమీటర్లవుతుంది, కొన్ని నమూనాలు పేల్చే ప్లాస్టిక్ గుండు 6 మిల్లీమీటర్లది కనుక, ఆ ఒక్క కొలతలో బొమ్మ ఆయుధమూ అసలు ఆయుధమూ దాదాపు కలిసిపోతాయి.

పెట్టెలోంచి తీసిన నమూనాతో తృప్తి పడేవారు తక్కువ. దానితో వచ్చిన ప్లాస్టిక్ ట్రాకులను, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టాలను తీసేసి లోహపువి వేస్తారు. ఆ బరువుకు ప్లాస్టిక్ పళ్లచక్రాలు అరిగిపోతాయి గనుక గేర్‌బాక్సును ఉక్కు పళ్లదానితో మారుస్తారు. ఇరుసులకు బేరింగులు వేసి, ట్రాకు వదులును సరిచేసుకునేందుకు వెనక చక్రం దగ్గర సర్దుబాటు మర పెడతారు. ఒక్కో పక్క ట్రాకుకు ఒక్కో మోటారు ఉంటుంది కాబట్టి, రెండింటి వేగాల్లో తేడా వల్లే ట్యాంకు మలుపు తిరుగుతుంది, రెండూ ఎదురు దిశల్లో తిరిగితే ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది. ఫిరంగి పేలినట్లు మెరుపు రావడం, గొట్టం వెనక్కి జరిగి మెల్లగా ముందుకు రావడం, ఇంజను మొరాయించి అంటుకున్న చప్పుడు, పొగ గొట్టంలోంచి నూనె పొగ, ఇవన్నీ వేరువేరు బోర్డులూ సర్వోలూ అమర్చి సాధించేవే. సర్వో అంటే సంకేతం చెప్పినంత మేరకు మాత్రమే తిరిగి ఆగే చిన్న మోటారు. పదకొండో శతాబ్దంలో భోజుడు రాసినదిగా చెప్పే సమరాంగణ సూత్రధారంలోని యంత్రాధ్యాయం మంచి యంత్రానికి ఉండవలసిన గుణాలను చెబుతూ, చప్పుడు అక్కరలేని చోట నిశ్శబ్దాన్నీ, చప్పుడే ప్రయోజనమైన చోట గట్టి ధ్వనినీ కోరింది. ఉక్కు గేర్ల కీచుమోతను గ్రీజుతో అణచి, స్పీకరులోంచి టైగర్‌లోని మేబాక్ ఇంజను గర్జనను పలికించడానికి కుస్తీ పట్టే నేటి నిర్మాత ఆ సూత్రాన్నే పాటిస్తున్నాడు.

ఇప్పుడు పై కప్పు విప్పి లోపల చూస్తే ఈ వ్యాసానికి అవసరమైన దృశ్యం కనబడుతుంది. టైగర్‌ను లాగే పళ్లచక్రాలు ముందు భాగంలో ఉంటాయి గనుక నమూనాలో మోటార్లూ గేర్లూ ముందే కూర్చోవాలి. అసలు ట్యాంకులో అక్కడ ఎడమవైపు డ్రైవరు, కుడివైపు రేడియో మనిషి కూర్చునేవారు. టరెట్‌లో, అంటే ఫిరంగిని మోస్తూ తిరిగే పై గదిలో, గురిపెట్టేవాడూ గుండు నింపేవాడూ ఉండవలసిన చోటును గుండు పేల్చే యంత్రమో గొట్టాన్ని వెనక్కి లాగే సర్వోనో నింపేస్తుంది. ఐదుగురిలో మిగిలేది ఒక్క కమాండరు. అతడు కూడా టరెట్ మూతలోంచి బయటికి కనబడే మేరకే, నడుం దాకా పోతపోసిన బొమ్మ. ఇంత సూక్ష్మంగా కొలిచి చేసిన యంత్రంలో మనుషులు కూర్చున్న చోట్లన్నీ ఆ మనుషులు లేకుండా కదలడానికి కావలసిన సామగ్రితో నిండిపోవడం ఎవరి తప్పూ కాదు, ఇంజనీరింగ్ అవసరం. అయినా ధర్మవిచారణ మొదలు కావలసిన చోటు మాత్రం అదే.

బొమ్మ మీద హింస గురించి భారతదేశంలో చెప్పుకున్న కథలన్నిటిలోకీ కఠినమైనది జైనుల యశోధరుడి కథ. దీన్ని సంస్కృతంలో యశస్తిలక చంపువుగా విస్తరించిన సోమదేవసూరి వేములవాడ చాళుక్యుల ఆశ్రయంలో ఉన్నవాడు; క్రీస్తుశకం 959లో గంగధారలో గ్రంథం ముగించాడు. నేటి తెలంగాణలోని వేములవాడ ఒకప్పుడు జైన విద్యకు ఎంతటి నిలయమో గుర్తుచేసే గ్రంథమిది. కథలో రాజు యశోధరుడు తనకు పీడకల వచ్చిందని చెబుతాడు, శాంతి కోసం దేవతకు జీవబలి ఇవ్వమని తల్లి చంద్రమతి పట్టుబడుతుంది, ప్రాణిని చంపనని రాజు మొండికేస్తాడు, చివరికి ఇద్దరూ రాజీపడి పిండితో కోడిపుంజును చేయించి దాన్ని బలి ఇస్తారు. ఒక్క ప్రాణి కూడా పోలేదు. అయినా ఆ కర్మఫలంగా రాజు నెమలిగా, తల్లి కుక్కగా మొదలుపెట్టి, జన్మ తర్వాత జన్మ జంతువులై పుట్టి, వరసగా చంపబడుతూ పోతారు. 1209లో ఇదే కథను కన్నడంలో రాసిన జన్నడి కావ్యంలో, ఆ పిండికోడి ఎంత సజీవంగా కుదిరిందంటే, దాన్ని ఒక భూతం ఆవహించి, వేటు పడినప్పుడు అది గొంతెత్తి కూస్తుంది.

ఈ కథకు ఆధారం హింసను జైనులు రెండుగా విడదీసిన తీరు. శరీరానికి జరిగే హాని ద్రవ్యహింస. మనసులో పుట్టే ప్రమత్తత, రాగద్వేషాలు, చంపాలన్న తలపు భావహింస. రెండోది ఉంటే మొదటిది జరగకపోయినా బంధం తప్పదు, రెండోది లేకుండా మొదటిది జరిగితే దోషం అంత బలంగా అంటదు. ఈ కొలమానాన్ని పట్టుకుని చూస్తే, నమూనాలతో ఆడే యుద్ధంలో గుండుకు బదులు పరారుణ కిరణాన్ని ఎదుటి ట్యాంకు మీద గురిపెట్టి మీట నొక్కే మనిషికీ పిండికోడి మీద కత్తి దూసిన యశోధరుడికీ తేడా లేదని తీర్పు చెప్పేయవచ్చు. కానీ ఆ తీర్పు తొందరపాటు అవుతుంది, ఎందుకంటే కథలో పాపానికి మూలం పోలిక కాదు.

మీమాంసకులు యజ్ఞవిధులను చర్చిస్తూ ప్రతినిధి అనే భావనను వివరించారు: విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దాని స్థానంలో నిలిచి, దాని పనినే నెరవేర్చే మరో ద్రవ్యం ప్రతినిధి. సోమలత దొరకకపోతే పూతికను వాడడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ప్రతినిధి అసలు వస్తువులా కనబడనక్కరలేదు, దాని బదులుగా లెక్కకు వస్తే చాలు. ప్రతికృతి దీనికి ఎదురు: అది అసలులా కనబడాలి, బదులుగా లెక్కకు రానక్కరలేదు. చంద్రమతి చేయించిన కోడి ప్రతికృతి అయింది నిజమే, కానీ బలిపీఠం మీద అది పనిచేసింది ప్రతినిధిగా. దేవత దాన్ని నిజమైన కోడిగా స్వీకరించాలన్న కోరిక లేకుంటే ఆ క్రతువుకు అర్థమే లేదు. రాజు చేతులు పిండిని కోశాయి, మనసు మాత్రం ప్రాణిని సమర్పించింది. కథ కర్మఫలాన్ని చెప్పేది బలి ఇచ్చిన కొడుకుకీ ఇప్పించిన తల్లికీ మాత్రమే. భూతం సైతం మోజుపడేంత బాగా ఆ కోడిని తీర్చిన చేతుల జోలికి కథ పోలేదు. ఈ వదిలివేత శిల్పికి పెద్ద ఊరట: పోలికను సాధించడంలోని నైపుణ్యం తనంతట తాను పాపం కాదని, అసహజమైనంత పోలికైనా సరే ఒకరి సంకల్పం సోకేదాకా నిర్దోషమేనని దాన్నుంచి గ్రహించవచ్చు.

ప్రతికృతిని చూసినప్పుడు కలిగే జ్ఞానం ఎలాంటిదో కాశ్మీర ఆలంకారికుడు శ్రీశంకుకుడు నాట్యాన్ని గురించి చెబుతూ బొమ్మగుర్రాన్ని ఉదాహరించాడు. దీన్నే చిత్రతురగ న్యాయం అంటారు. గోడ మీద గీసిన గుర్రాన్ని చూసి ‘గుర్రం’ అనుకోవడం యథార్థజ్ఞానమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు, గుర్రం లాంటిదన్న వట్టి సాదృశ్య జ్ఞానమూ కాదు. వీటన్నిటికీ వేరైన అయిదో తీరు. అతడి తర్వాతివాళ్లు ఈ వాదాన్ని గట్టిగానే ఖండించారు, కానీ ట్యాంకు నమూనా విషయంలో అది అతికినట్టు సరిపోతుంది. గడ్డిలో పాకుతూ వచ్చే 53 సెంటీమీటర్ల టైగర్‌ను చూసి పారిపోయేవారు ఉండరు, అది ప్లాస్టిక్ అని కొట్టిపారేసేవారికి దాని రుచి తెలియదు. నడిపేవాడి ఆనందమంతా ఆ అయిదో తీరు జ్ఞానంలోనే ఉంది. ఆ జ్ఞానం నిలిచి ఉన్నంతసేపు నమూనా ప్రతికృతిగానే ఉంటుంది, ఎవరికీ బదులుగా నిలవదు, కనుక దాని మీద తగిలిన దెబ్బ ఎవరి మీదా తగలదు.

ఇంతటితో విచారణ ముగిస్తే సుఖంగా ఉంటుంది గానీ, జైన గృహస్థధర్మం అందుకు ఒప్పుకోదు. శ్రావకుడు, అంటే గృహస్థ జైనుడు, పట్టవలసిన వ్రతాల్లో అనర్థదండ విరతి ఒకటి. బతకడానికి అవసరంలేని హానిని, ప్రయోజనం లేకుండా చేసే పాపాన్ని మానుకోవడం దాని అర్థం. శ్రావకాచార గ్రంథాలు దీన్ని అయిదు విధాలుగా విడదీస్తాయి, వాటిలో మూడింటికి ఇక్కడ పని ఉంది: కత్తి, విషం వంటి హింసాసాధనాలను ఇతరులకు ఇవ్వడం హింసాదానం; ఒకరి ఓటమినీ చావునూ తలచుకుంటూ కూర్చోవడం అపధ్యానం; మనసును కలుషితం చేసే కథలు వినడం దుఃశ్రుతి. హింసాదానం నమూనాకు వర్తించదు, దానితో ఎవరినీ చంపలేరు కనుక. మిగిలిన రెండూ మాత్రం నిర్మాత బల్ల దగ్గర కూర్చునే ఉంటాయి. ఫలానా ట్యాంకు ఫలానా ఊళ్లో ఎన్నింటిని కాల్చిందో చదివి పరవశించడం ఎక్కడ అధ్యయనమో ఎక్కడ అపధ్యానమో బయటి నుంచి చెప్పలేం. బౌద్ధం తన భిక్షువులకు ఈ చిక్కే రానివ్వలేదు: దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తం బొమ్మ రథాలూ బొమ్మ విల్లులూ సహా ఎన్నో ఆటలను, ఉత్తుత్తి యుద్ధాలనూ సైన్యాల బారులనూ చూడడాన్ని ఒకే వరుసలో మానవలసినవిగా చెప్పింది. అది సన్యాసికి తగిన కట్టడి. గృహస్థుకు మాత్రం మానేయడం కన్నా కష్టమైన పని ఉంది, తన మనసు ఎటు పోతోందో ఆడుతూనే గమనించుకోవడం.

ఆట ఆ పని తనంతట తానే చేస్తుందని నమ్మినవాడు ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్. ఆయన 1903లో స్ట్రాండ్ పత్రికలో ‘ది లాండ్ ఐరన్‌క్లాడ్స్’ కథలో కందకాలను దాటి పోయే ఉక్కు యుద్ధశకటాలను ఊహించాడు. పదేళ్ల తర్వాత, 1913లో, ‘లిటిల్ వార్స్’ అన్న పుస్తకంలో తగరపు సైనికులతో నేల మీద ఆడే యుద్ధానికి నియమాలు రాసి, ఆ చిన్న యుద్ధాన్ని ఆడినవాడికి పెద్ద యుద్ధం ఎంత తెలివితక్కువదో అర్థమవుతుందని వాదించాడు. మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది, 1916 సెప్టెంబరు 15న సోమ్ రంగంలో బ్రిటిష్ ట్యాంకులు మొదటిసారి కదిలాయి. ట్యాంకును ముందుగా ఊహించినవాడూ బొమ్మయుద్ధంలో శాంతిని చూసినవాడూ ఒక్కడే కావడం లోతుగా ఆలోచించవలసిన సంగతి. ఆట మనసును చెరుపుతుందనేవారి మాటకు ఎంత రుజువు ఉందో, ఆట మనసును బాగుచేస్తుందన్న వెల్స్ మాటకూ అంతే ఉంది. ఆట తెచ్చిపెట్టేది ఏకాగ్రతను. ఆ ఏకాగ్రత దేని మీద నిలుస్తుందన్నది ఆటగాడు తేల్చుకోవలసినదే.

అందువల్ల ఈ వ్యాసంగాన్ని అహింస వైపు నుంచి కన్నా సత్యం వైపు నుంచి పరీక్షించడమే సరైన దారి. నిర్మాతలు తమకు తాము పెట్టుకున్న వ్రతం యథార్థత. 1943 చివరి నుంచి దాదాపు ఏడాది పాటు జర్మన్ ట్యాంకుల మీద జిమ్మెరిట్ అనే గట్టి పూతను, అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా, పూసేవారు. ఆ పూత చారలను నమూనా మీద తేవడానికి లప్పం పూసి, అది ఆరేలోపు గీతలు గీస్తూ రాత్రుళ్లు గడుపుతారు. అయితే యథార్థత ఒక్కటే ముఖం గలది కాదు. పొడవు పదహారో వంతైతే ఘనపరిమాణం 4,096వ వంతవుతుంది కాబట్టి, 57 టన్నుల టైగర్ నమూనా దాదాపు 14 కిలోలు తూగాలి. మామూలు ప్లాస్టిక్ నమూనా అందులో సగం కూడా తూగదు. గంటకు 38 కిలోమీటర్ల వేగాన్ని తగ్గిస్తే 2.4 కిలోమీటర్లు, మనిషి నడక కన్నా నెమ్మది. ఇక గురుత్వాకర్షణను ఎవరూ తగ్గించలేరు కనుక, గతుకు మీద అసలు ట్యాంకు బరువుగా ఊగే చోట నమూనా చిటుక్కున ఎగిరిపడుతుంది. సినిమావాళ్లు ఇలాంటి నమూనాలను సెకనుకు 24 కాక 96 చట్రాల వేగంతో చిత్రించి ఆ తేలికతనాన్ని కప్పిపుచ్చేది ఇందుకే. ఆకారంలో నిజాయితీ పాటిస్తే కదలికలో అబద్ధం వస్తుందని, కదలికను దిద్దాలంటే గేర్ల నిష్పత్తినీ స్ప్రింగుల బిగువునూ లెక్క తప్పించాలని ప్రతి అనుభవజ్ఞుడికీ తెలుసు. ఏ సత్యాన్ని నిలబెట్టి ఏ సత్యాన్ని వదులుకోవాలో ఎంచుకోవడమే అతడి విద్య. ఎంపిక ఉన్న చోట బాధ్యత కూడా ఉంటుంది.

ఆ బాధ్యత ఎంత చిన్న చోట ఇముడుతుందో చెప్పడానికి ఫిరంగి గొట్టం మీది తెల్ల వలయాలు చాలు. యుద్ధంలో కొందరు టైగర్ సిబ్బంది తాము ధ్వంసం చేసిన ఒక్కో ట్యాంకుకు ఒక్కో తెల్ల వలయం చొప్పున గొట్టం చుట్టూ గీసుకునేవారు. నమూనా మీద అది ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా లేని గీత. గొట్టాన్ని నెమ్మదిగా తిప్పుతూ, రెండు వెంట్రుకల కుంచెను కదలకుండా పట్టుకుని, మొదలూ చివరా కలిసే చోట రంగు గడ్డకట్టకుండా వేయాలి, చేయి వణికితే తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్కో వలయం వెనక మనుషులున్నారు: అమెరికన్ షెర్మన్ ట్యాంకులో ఐదుగురు, తొలినాటి సోవియట్ టి-34లో నలుగురు ఉండేవారు. వారిలో కొందరు తప్పించుకుని ఉండవచ్చు, కొందరు లోపలే కాలిపోయి ఉండవచ్చు, వలయం ఆ తేడా చెప్పదు. పైగా ఆ గొట్టం గెలిపించబోయిన రాజ్యం ఎలాంటిదో, దాని వెనక నడిచిన మారణకాండ ఏమిటో లోకానికి తెలుసు. హిట్లర్ పాలన చిహ్నాలను బహిరంగంగా వాడడాన్ని జర్మనీ నేటికీ చట్టంతో నిషేధించడం, అక్కడి కిట్లలో స్వస్తిక గుర్తు ఉండకపోవడం ఇందుకే. స్వస్తిక లేకపోయినా వలయాలు మిగులుతాయి, వాటిని ఏ చట్టమూ అడ్డుకోదు. వాటిని వేయవచ్చా అంటే, వేయవచ్చు. అవి దేని లెక్కో తెలిసినవాడు వేస్తే అది చరిత్రకు నమ్మకమైన నకలు. అందం కోసం, గొట్టం బోసిగా ఉందని వేస్తే, యథార్థత పేరు చెప్పుకుని చేసిన అసత్యం.

ఆయుధాన్ని గౌరవిస్తూనే దాని పనిని దాచకుండా ఉండడం తెలుగువారికి తెలియని సంగతి కాదు. విజయదశమికి పూజించే జమ్మిచెట్టు వెనక విరాటపర్వ కథ ఉంది: అజ్ఞాతవాసానికి పోతూ పాండవులు ఆయుధాలను చెట్టు మీద దాచి, అక్కడ శవం ఉందన్న భయంతో ఎవరూ దగ్గరికి రాకుండా చేస్తారు. పూజకు నోచుకున్న ఆయుధం శవం నీడలోనే విశ్రమించింది. నవమినాడు పనిముట్లకు బొట్టుపెట్టే ఆచారంలో కత్తి, నాగలి, లారీ ఒకే వరుసలో నిలుస్తాయి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కర్మాగారంలో నిజమైన కవచ వాహనాలు తయారవుతాయి కాబట్టి ఈ ప్రశ్న ఈ నేలకు పరాయిదీ కాదు. ఉక్కును అతికే కార్మికుడికీ ప్లాస్టిక్‌ను అతికే నిర్మాతకూ మధ్య ఉన్న దూరం, తాము చేసిన వస్తువు రేపు ఎక్కడికి పోతుందన్న ఎరుకలో ఉంది. మొదటివాడు ఆ ఎరుకను దేశరక్షణ అన్న అర్థంతో మోస్తాడు, రెండోవాడు తనంతట తాను తెచ్చుకుని మోయాలి.

చివరిగా యుద్ధపు ఆట. ట్యాంకు మీద బిగించిన గ్రాహకానికి ఎదుటివాడి పరారుణ కిరణం తగిలితే బోర్డు దాన్ని దెబ్బగా లెక్కిస్తుంది. దెబ్బలు పెరిగేకొద్దీ ట్యాంకు నెమ్మదిస్తుంది, నిర్ణీత సంఖ్య దాటాక పూర్తిగా ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ లేచి మొదటి దెబ్బకు సిద్ధమవుతుంది. యశోధరుడు నెమలిగా, ఆ తర్వాత మరో జంతువుగా పుట్టిన ప్రతిసారీ వెనకటి కర్మను వెంట తెచ్చుకున్నాడు. బోర్డు మాత్రం లెక్కను సున్నాకు చెరిపి మొదలుపెడుతుంది, అలా చెరపకపోతే ఆటే సాగదు. స్నేహితులిద్దరూ ఒప్పుకుని, ఓడినవాడు నవ్వుతూ తన ట్యాంకును ఎత్తుకుపోయే ఆ మైదానంలో నమూనా ప్రతికృతిగానే ఉంటుంది. ఒక పక్షం జెండాను నిజంగా తనదిగా భావించి, నాడు ఓడిన సైన్యాన్ని నేడు గెలిపించాలని, ఎదుటి ట్యాంకులో ఆ శత్రువునే చూస్తూ మీట నొక్కేవాడి చేతిలో మాత్రం అదే ప్లాస్టిక్, అదే కిరణం, అదే దెబ్బ ప్రతినిధిగా మారిపోతాయి. సోమదేవసూరి కథలోని కత్తి పడేది అలాంటివాడి చేతిలో. అతడి పక్కనే నిలబడి, అదే సంస్థ చేసిన అదే ట్యాంకును నడుపుతున్న మరొకడికి ఆ కథతో ఏ సంబంధమూ లేదు.